తొమ్మిది డిగ్రీల వాలు

శుక్రవారం ఉదయం ఎనిమిదింబావుకు సన్నగీత ప్రెస్సు తాళం తీశాడు. అప్పటికి అతని పథకంలో మూడే మెట్లున్నాయి. ఒక కార్డు అచ్చు తీయాలి. దాన్ని ప్రూఫురీడరు బల్లమీద ట్రేలో పెట్టాలి. తొమ్మిదింటికి ఆమె వచ్చేలోపు మేడమీద తన గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలి. పదకొండేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన పనికి ముప్పావుగంట చాలుననుకున్నాడు.

సన్నగీత అతని అసలు పేరు కాదు. అక్షరాలు గీయడం అతని ఉద్యోగం. మనిషి కూడా నిలబెట్టిన స్కేలులా ఉంటాడు. మెషిన్ నడిపే బాబాయి ఒకరోజు సరదాగా పిలిచిన ఆ పేరు, జీతాల రిజిస్టరులో తప్ప అన్నిచోట్లా స్థిరపడిపోయింది.

అతను గీసిన అక్షరాల వరస ఒకటుంది. ఆ అక్షరాలు నిటారుగా నిలబడవు. తొమ్మిది డిగ్రీలు కుడివైపుకు వాలి ఉంటాయి. ఒంపు తిరిగేచోట గీత నిండుగా, బొద్దుగా ఉంటుంది. అక్కణ్ణుంచి పైకి లేచేసరికి వెంట్రుకంత అయిపోతుంది. తలకట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. కలం కాగితం మీంచి లేచిందో, ఇంకా లేవలేదో చూసేవాడికి తేలదు. లావుకీ సన్నానికీ అంత తేడా పెడితే అక్షరం నిలవదని మొదట్లో అందరూ అన్నారు. నిలిచింది. కాకపోతే పెద్ద సైజులో మాత్రమే నిలిచింది.

ఒకసారి ప్రెస్సు యజమాని ముచ్చటపడి, దగ్గుమందు సీసా లేబులు మీద వాడే విధానమంతా ఆ అక్షరంలోనే వేయించాడు. అంత చిన్న సైజులో సన్నగీతలన్నీ ఎగిరిపోయాయి. మిగిలిన లావు ముక్కలు చీమలబారులా కనిపించాయి. మందుల కంపెనీవాళ్ళు లేబుళ్ళకు పురుగు పట్టిందని మొత్తం తిప్పి పంపారు.

"నీ అక్షరం శుభలేఖలకీ సెంటు సీసాలకీ తప్ప దేనికీ పనికిరాదయ్యా," అన్నాడు యజమాని. "మనకొచ్చేవేమో రసీదు పుస్తకాలు, నీళ్ళ నోటీసులు."

ఆనాటినుంచి ఆ అక్షరం కంప్యూటర్లో ఒక మూలన పడి ఉంది. ఒక్క ఆర్డరు మొహం కూడా ఎరగదు.

దాని తరఫున మాట్లాడింది ఒక్క ప్రూఫురీడరే. లేబుళ్ళు తిరిగొచ్చిన రోజు ఆమె అతని గది గుమ్మంలో నిలబడి, "దాన్ని చిన్నది చేయకండి. నాలుగు మాటలు, పెద్ద సైజు, చుట్టూ బోలెడంత ఖాళీ. పాపం, అంతకన్నా ఏమీ అడగట్లేదది," అంది.

"సరేనండీ," అన్నాడతను.

అప్పుడు చెప్పాల్సిన మాట అది కాదు. ఆ తొమ్మిది డిగ్రీలూ ఆమెవే. ప్రూఫు చదివేటప్పుడు ఆమె బల్లదీపం వైపు కొంచెం వాలి కూర్చుంటుంది. మేడమెట్ల మీంచి రోజూ చూసి చూసి ఒకనాడు ఆ వాలును కాగితం మీద గీసి, కోణమానిని పెట్టి కొలిచాడు. ఆమె ఎర్ర పెన్సిలు నొక్కినచోట లావు, ఎత్తినచోట సన్నం. అక్షరాల వరస మొత్తం అక్కడే పుట్టింది. ఎలా గీశావని ఎవరైనా అడిగితే మాత్రం పాత పుస్తకాల అట్టలు చూసి నేర్చుకున్నానని చెబుతాడు.

ఇవాళ ప్రెస్సులో ఆమెకు ఆఖరిరోజు. వేరే ఊళ్ళో ఒక పెద్ద ప్రచురణ సంస్థ పిలిచింది. ఇన్నేళ్ళూ రసీదులూ నోటీసులూ దిద్దిన మనిషికి పుస్తకాలు దిద్దే ఉద్యోగం. రేపు పొద్దున ఆరున్నర బండికి వెళ్ళిపోతుంది. చెప్పదలచుకుంటే ఇవాళే చెప్పాలి. నోటితో చెప్పడం అతని వల్ల అయ్యే పని కాదని పదకొండేళ్ళ అనుభవం చెబుతోంది. అందుకే కార్డు.

మంచి దళసరి అట్ట తీసుకున్నాడు. తన అక్షరాన్ని మూలనుంచి లేపి, ఆమె చెప్పినట్టే పెద్ద సైజు పెట్టి, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలి అచ్చు తీశాడు.

'ఈ సాయంత్రం అయిదు గంటలకు వీధి చివర టీ కొట్టులో మీకోసం ఎదురుచూస్తాను. చాలాకాలంగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది.'

కింద సంతకం పెట్టలేదు. ఆ అక్షరాలు చూస్తే ఎవరివో ఆమెకు తెలియదా! పైన పేరు రాయలేదు. ఆమె ట్రేలో ఉన్నది ఆమెకు కాక ఇంకెవరికి!

ఆ రోజు జరిగిన అనర్థానికంతటికీ ఈ రెండు ఆశ్చర్యార్థకాలే పునాది.

సరిగ్గా తొమ్మిదికి పదకొండు నిముషాలు తక్కువన వీధిగుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. శుక్రవారాలు ఆమె పదినిముషాలు ముందే వస్తుంది. పదకొండేళ్ళుగా గమనిస్తున్న ఆ సంగతి అవసరమైన రోజునే అతని బుర్రలోంచి జారిపోయింది. కార్డును ట్రేలో విడిగా పెడితే వచ్చేపోయే ప్రతివాడూ చదువుతాడు. కంగారుగా పక్క అరలోంచి చేతికందిన గోధుమరంగు కవరు లాగి, కార్డు అందులో దూర్చి, ట్రేలో పడేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలో పడ్డాడు.

ఇక్కడ ఆ ప్రెస్సు కవర్ల సంగతి చెప్పాలి. అక్కడ ఏ పనైనా గోధుమరంగు కవరులోనే తిరుగుతుంది. ఎన్ని కాపీలు, ఎప్పటికి, ఎక్కడికి అన్నది కవరు మీద రాసి ఉంటుంది. కవరు మీద ఉన్నదే చట్టం. ఎవరూ ఎవరినీ నోటితో అడగరు. పాత కవర్లు చిరిగేదాకా వాడతారు, కాకపోతే ముందు రాసినది కొట్టేసి వాడతారు. సన్నగీత లాగిన కవరు పోయిన నెల నీళ్ళ సరఫరా నోటీసుది. దాని మీద గుమాస్తా చేతిరాతతో ఇలా ఉంది: 'అయిదు వందలు. మధ్యాహ్నం మూడులోపు. వెనక కాలనీలో ఇంటింటికీ.'

అతను దాన్ని కొట్టేయలేదు. అసలు చూడనే లేదు.

పదింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. సన్నగీత కుర్చీలో కర్రలా బిగుసుకుపోయాడు. అతని గది బయట ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రూఫులో సందేహం వస్తే ప్రూఫురీడరు కవరు మీద ఎర్ర పెన్సిలుతో ప్రశ్న రాసి ఆ పెట్టెలో వేస్తుంది. పన్నెండులోపు జవాబు రాయాలి. రాయకపోతే పని ఉన్నదున్నట్టు మెషిన్‌కి పోతుంది. పన్నెండు దాటాక వచ్చిన జవాబును తర్వాతి ముద్రణకు ఉంచుతారు. జవాబులివ్వకుండా నాన్చేవాళ్ళతో పడలేక ఆ నియమం పెట్టింది ఆమే.

"డిజైనరు గారూ," మూసిన తలుపు అవతలినుంచి ఆమె గొంతు. "కవరు మీద ఒక ప్రశ్న రాశానండీ. చూస్తారా?"

"ఆ... చూస్తానండీ."

"పన్నెండులోపు చూడాలి."

"అలాగేనండీ."

"మర్చిపోరుగా?"

"లేదండీ."

ఆమె మెట్లు దిగడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. అడుగులు పూర్తిగా ఆగాక అతను తలుపు వేలెడంత తీసి చూశాడు. పెట్టెలో గోధుమరంగు కవరు, దాని మూలన ఎర్రటి రాత. ఆమె ఎర్ర పెన్సిలు పట్టిందంటే ఏదో ఒకటి కొట్టేసినట్టే. తను రాసిన రెండు వాక్యాల్లో కొట్టేయడానికి ఇంకేముంది? తనని కొట్టేసి ఉండాలి.

తలుపు మూసేశాడు.

చదవనంతసేపూ ఆమె ఒప్పుకుందనుకోవచ్చు. ఆ అనుకోవడంలో ఎంత సుఖముందో అతనికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ దానిమీదే బతికాడు. పదిన్నరకు ఒకసారి, పదకొండుకు ఒకసారి, పదకొండున్నరకు రెండుసార్లు తలుపు వేలెడంత తీసి కవరుకేసి చూసి మళ్ళీ మూశాడు.

పన్నెండింటికి బాబాయి సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"ఒరేయ్ సన్నగీతా! ఈ కవరుకి జవాబేమన్నా ఉందా?"

"నేను... ఇంకా చూళ్ళేదు బాబాయ్."

"ఉందా లేదా చెప్పు. నాకు కింద ప్లేటు ఆరిపోతోంది."

"లేదు."

"లేకపోతే తీసుకుపోతున్నా."

అది అచ్చు పని కాదు కదా, కవరు తిరిగి ఆమె దగ్గరికే పోతుందనుకుని సన్నగీత ఒక నిట్టూర్పు విడిచాడు. కింద మెషిన్ మొదలైంది. గోడలు సన్నగా అదిరాయి. ఇరవై నిముషాలపాటు ఆ టకటకను అతను తన గుండెచప్పుడే అనుకున్నాడు.

రెండింటికి ఆకలి వేసి కిందికి దిగాడు. ప్రూఫురీడరు కుర్చీ ఖాళీగా ఉంది. చీటీ మీద 'బ్యాంకు పని, నాలుగింటికి వస్తాను' అని రాసి ఉంది. బాబాయి ఎదురొచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"కత్తిలా వచ్చిందిరా నీ అక్షరం! అయిదొందల్లో ఒక్క వెంట్రుక తెగలేదు. సిరా పలచన చేసి, దగ్గరుండి తిప్పాను మరి."

"ఏ అక్షరం?"

"ఎన్నున్నాయేంట్రా నీకు? ఆ వాలుది. కార్డు."

"ఏ కార్డు బాబాయ్?"

"టీ కొట్టుది. ఎంత బావుందిరా మాట! చదువుతుంటే మీ పిన్ని గుర్తొచ్చింది. ఓ కాపీ దానికీ పంపించాను."

"ఆ కార్డులిప్పుడెక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి? కవరు మీద ఏం రాసుందో అక్కడే. మన సైకిలాయన ఒంటిగంటకే బయల్దేరాడు. ఇంటింటికీ అన్నారుగా... ఒరేయ్, అన్నం తినకుండా ఎక్కడికిరా ఆ పరుగు?"

వెనక కాలనీలో పది వీధులున్నాయి. సన్నగీత పదో వీధి మొగలో సైకిలాయన్ని అందుకున్నాడు. సంచీ ఖాళీగా హ్యాండిలుకు వేలాడుతోంది. మనిషి ఉల్లాసంగా ఉన్నాడు.

"ఒక్కటి మిగల్లేదు సార్! ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి రోజు చూళ్ళేదు. నోటీసు తీసుకెళ్తే మొహాన తలుపేసేవాళ్ళు. ఇవాళ ఒకావిడ కార్డు చదువుకుని నాకు మంచినీళ్ళిచ్చింది. ఇంకో పెద్దాయన ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యేశాడు."

సన్నగీత మొదటి తలుపు తట్టాడు. రిటైరైన హెడ్మాస్టరొకాయన తలుపు తీశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదున్నాయి, కార్డు చేతిలో ఉంది.

"సార్, ఆ కార్డు పొరపాటున వచ్చిందండీ. తిరిగిచ్చేస్తే..."

"పొరపాటా?" హెడ్మాస్టరు గొంతు పెంచలేదు. "నలభయ్యేళ్ళ తర్వాత వచ్చింది నాయనా. ఇంత ఆలోచించి పంపింది పొరపాటెలా అవుతుంది?"

తలుపు మెల్లగా మూసుకుంది.

రెండో ఇంట్లో దర్జీ పని చేసే ఆవిడ ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కార్డు మాట ఎత్తగానే దాన్ని గుండెకు అదుముకుంది. "వెనక్కి తెమ్మని ఆయన పంపించాడా? మనసు మార్చుకున్నాడా?" కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

అది చూశాక సన్నగీత నోరు అతని మాట వినలేదు. "లేదమ్మా, మార్చుకోలేదు," అంది ఆ నోరు. "తప్పకుండా రమ్మన్నారు."

మూడో ఇంట్లో పళ్ళ డాక్టరు. ఏదో ప్రకటన అనుకుని అప్పటికే చెత్తబుట్టలో వేశాడు. దానికోసం ఒక మనిషి రొప్పుకుంటూ రావడం చూసి అనుమానం వచ్చి, లోపలికెళ్ళి బుట్టలోంచి తీసి, దులిపి, రెండోసారి చదివాడు. చదువుతుండగా ఆయన మొహం మారింది. "క్షమించాలి. ఇవ్వను," అన్నాడు.

ఎదురింటి కిటికీలోంచి ఇదంతా చూస్తున్న ఇల్లాలు పక్కింటావిడతో, "ఆ కార్డు పోగొట్టుకోకు వదినా. ఒకడు ఇల్లిల్లూ తిరిగి లాక్కుంటున్నాడు," అంది. ఆ మాట సన్నగీతకన్నా వేగంగా నడిచింది. అతను నాలుగో వీధికి చేరేసరికి జనం కార్డులను బీరువాల్లో దాచుకున్నారు. పారేసినవాళ్ళు వెతుక్కున్నారు. రానివాళ్ళు తమ కార్డు ఏమైందని సైకిలాయన్ని నిలదీశారు. గంటన్నర తిరిగితే అతని చేతికొచ్చింది ఒక్క కార్డు. దాన్ని కూడా ఒక పసిపిల్ల నమిలి ఉంది.

తన అక్షరం మీద అతనికి మొదటిసారి కోపమొచ్చింది. మామూలు అక్షరంలో వేసి ఉంటే అది ప్రకటన, ఎవడూ ఖాతరు చేసేవాడు కాదు. మరీ చేతిరాత అయితే ఎవరి రాతో పోల్చి చూసుకునేవాళ్ళు. ఇది రెండిటికీ మధ్య నిలబడింది. అచ్చులో ఉన్న మర్యాద ఉంది, చెవి దగ్గరకు వంగి చెబుతున్న చనువూ ఉంది. ఎవరు చదివితే వాళ్ళకే చెబుతోంది. అలా ఉండాలనే కదా అయిదేళ్ళపాటు ఒక్కొక్క ఒంపూ చెరిపి గీశాడు!

మిగిలిన దారి ఒక్కటే. నాలుగున్నరకు టీ కొట్టుకు పరిగెత్తాడు. మూడు బల్లలు, ఆరు కుర్చీలు. కొట్టతను అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

"ఇవాళ్టికి కొట్టు మూసేయరా? దండం పెడతాను."

"మూసేయాలా? మధ్యాహ్నం నుంచి పదిహేనుమంది వచ్చి కుర్చీ ఉంచమని చెప్పి వెళ్ళారండీ! ఈ కొట్టు పెట్టిన ఇన్నాళ్ళలో ముందుగా చెప్పి వచ్చినవాడు ఒక్కడూ లేడు." కొట్టతను గొంతు తగ్గించాడు. "అదీగాక, నాకూ వచ్చింది కార్డు. ఎవరో గానీ, నా కొట్టుకే రమ్మంది చూడండి! మనసెరిగిన మనిషి."

అయిదయ్యేసరికి వీధి నిండిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, బీరువాల్లోంచి తీసిన చీరలు, మెరుస్తున్న బూట్లు. అంతమంది ఉన్నా గోల లేదు. ప్రతివాళ్ళూ కార్డును జేబులోనో చేతిసంచీలోనో తడుముకుంటూ, వీధి మలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. పక్కనున్న మనిషి ఎందుకొచ్చాడని ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరికి కావలసిన మనిషి కోసం వాళ్ళు చూస్తున్నారు. దర్జీ ఆవిడ మెడలో టేపు తీయడం మర్చిపోయింది. హెడ్మాస్టరు జుట్టుకు నూనె రాసుకుని బడిపిల్లాడిలా ఉన్నాడు.

ప్రెస్సు యజమాని తూర్పు సందులోంచి, ఆయన భార్య పడమటి సందులోంచి ఒకేసారి కొట్టు ముందుకొచ్చారు. ఒకరినొకరు చూసుకుని రాయిలా నిలబడిపోయారు.

"నువ్వా?" అన్నాడు యజమాని.

"మీరా?" అంది ఆవిడ.

"నేనే," అన్నాడు యజమాని, క్షణం ఆలోచించి.

"నాకు తెలుసు మీరేనని," అంది ఆవిడ, అంతకన్నా తక్కువ ఆలోచించి. ఇద్దరికీ అర్జంటుగా కుర్చీలు దొరికాయి.

సన్నగీత స్తంభం చాటుకు జరగబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. చూస్తే సొంత అక్క. నీలంచీర కట్టింది. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసే హడావుడిలో పెళ్ళి మాట మర్చిపోయిన మనిషి ఆమె. కళ్ళకు కాటుక పెట్టుకోగా అతను ఎన్నడూ చూడలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వెందుకొచ్చావిక్కడికి? వెళ్ళు, ఇంటికెళ్ళు."

"అక్కా... నీకూ వచ్చిందా?"

"ఏం, నాకు రాకూడదా?" గద్దించి, మళ్ళీ తనే మెత్తబడింది. "లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆయన ఒకరుండేవారులే, నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు. రేపు మీకో మాట చెప్పాలి అన్నారు. ఆ రేపటికి బదిలీ అయిపోయారు."

"ఆయనేనని ఎలా అనుకున్నావక్కా?"

"అక్షరాలు చూడరా మొద్దూ! మనవైపు వంగి చెబుతున్నట్టు లేదూ? ఈ సన్నగీత చూడు, ఊపిరి బిగబట్టి గీసినట్టుంది." కార్డును వెలుతురుకు పట్టింది. "నువ్వూ గీస్తున్నావు ఇన్నేళ్ళుగా. ఇలాంటిది ఒక్కటంటే ఒక్కటి గీశావుట్రా?"

నిజం చెబితే అక్క సాయంత్రం పోతుంది. చెప్పకపోతే తన జీవితంలో అక్క నోట వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు పోతుంది. సన్నగీత తల అడ్డంగా ఊపాడు.

"లేదక్కా."

అయిదూ ఇరవైకి ఆమె వచ్చింది. చంకలో గోధుమరంగు కవరు. జనాన్ని తప్పుకుంటూ తిన్నగా స్తంభం దగ్గరకే వచ్చి ఆగింది.

"ఇంతమంది వస్తారనుకోలేదు కదూ మీరు?" అంది ప్రూఫురీడరు.

"ఒక్కరొస్తే చాలనుకున్నానండీ."

"నా ప్రశ్న చదివారా?"

ఆమె కవరు తిప్పి చూపించింది. మూలన ఎర్ర పెన్సిలుతో ఒకే ఒక్క మాట ఉంది. 'ఎవరికి?'

కొట్టేసినది ఏదీ లేదు. పొద్దున పదినుంచి పన్నెండుదాకా, రెండు గంటలపాటు, ఆ ఒక్క మాట అతని గుమ్మం బయట కూర్చుని ఉంది.

"కవరు మీద అయిదు వందలని ఉంది. ఇంటింటికీ అని ఉంది," అందామె. "మీ అక్షరానికి మొదటి ఆర్డరు వచ్చిందనుకున్నాను. సంతోషం వేసింది. తర్వాత చదివాను. కాస్త ఏడుపొచ్చింది. అందుకే అడిగాను. మీరు జవాబు రాయలేదు."

"పాత కవరండీ అది. నేను కొట్టేయలేదు. భయపడి..."

"అంతేనేమోనని బ్యాంకు లైనులో నిలబడ్డప్పుడు తట్టింది. అప్పటికి సైకిలాయన వెళ్ళిపోయాడు."

"మరి అయిదు వందలమందికి వెళ్ళిందని తెలిసీ మీరెందుకొచ్చారండీ?"

ఆమె చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసింది. "వీళ్ళంతా ఎందుకొచ్చారో నేనూ అందుకే."

చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిలు తీసి ఇచ్చింది. సన్నగీత కవరును స్తంభానికి ఆనించి, ప్రశ్న కింద 'మీకు' అని రాశాడు. లావుగీత మరీ లావుగా, సన్నగీత ఉందా లేదా అన్నట్టు వచ్చింది. ఆమె దాని మీదికి తొమ్మిది డిగ్రీలు వాలి చాలాసేపు చదివింది. రెండక్షరాలు చదవడానికి ఆమెకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

"పన్నెండు దాటింది," అంది.

"తెలుసండీ."

"నియమం మీకు తెలుసు. తర్వాతి ముద్రణకే."

"మీరు రేపు వెళ్ళిపోతున్నారు కదండీ."

"అవును," అంది. "టీ తాగుదామా? కుర్చీలు లేవనుకుంటాను."

అతను జనంలోంచి దారి చేసుకుని రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. నిలబడే తాగారు. చెప్పాలనుకున్న మాట కోసం పదకొండేళ్ళు పట్టింది గానీ, టీ చల్లారడానికి అయిదు నిముషాలు కూడా పట్టలేదు. ఆమె ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చి, కవరు అతని జేబులో పెట్టి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వీధిలో ఉన్నవాళ్ళంతా అటుకేసే చూస్తున్నారు కాబట్టి అతను ప్రత్యేకంగా చూస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఆరున్నర బండి కూత అతనికి ఇంట్లోకే వినిపించింది. తొమ్మిదింటికి ప్రెస్సులో ఆమె బల్లదీపం వెలగలేదు. సన్నగీత మెట్ల మీద అలవాటు చొప్పున ఆగి, ఖాళీ కుర్చీని కాసేపు చూసి, పైకెళ్ళి తలుపేసుకున్నాడు.

పదింటికి యజమాని కేక వేశాడు. కింద టీ కొట్టతను నిలబడి ఉన్నాడు. నిన్న వచ్చినవాళ్ళలో ఒక్కరికీ అనుకున్న మనిషి కనబడలేదట. అయినా చీకటిపడేదాకా ఎవరూ కదల్లేదట. అక్కగారూ హెడ్మాస్టరుగారూ లైబ్రరీ పుస్తకాల గురించి ఒకటే మాటలట, వచ్చే శుక్రవారం కూడా అక్కడే కలుస్తారట.

"అదే కార్డు ఇంకో వెయ్యి కొట్టండి," అన్నాడు కొట్టతను.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను, నీ అక్షరానికి తిరుగులేదని!" అన్నాడు యజమాని. "ఏదీ, నిన్నటి కవరు తే."

సన్నగీత కవరును జేబులోంచి తీసి, బల్ల మీద పెట్టబోయి ఆగిపోయాడు. అతను టీ గ్లాసులకోసం జనంలోకి వెళ్ళినప్పుడు ఆమె రాసి ఉండాలి. 'మీకు' కింద ఎర్రటి రాత మూడు వరసలుంది. ఎర్ర పెన్సిలును చదవకుండా తప్పించుకోవడం అతనికి బాగా అలవాటు. కానీ ఎదురుగా యజమాని చెయ్యి చాపి ఉన్నాడు. చదవక తప్పలేదు.

'తర్వాతి ముద్రణ ప్రూఫును ఈ చిరునామాకు పంపవలెను.' కింద వేరే ఊరి వీధి, తలుపు నంబరు. ఆ కింద, 'జవాబుకు గడువు: పన్నెండులోపు. ఏ రోజైనా సరే.'

కొట్టతని వెయ్యికి కొత్త కవరు తీసి ఇచ్చాడు. పాతది మాత్రం గదిలోకి తీసుకెళ్ళి, తలుపు తీసే ఉంచి, గుమాస్తా రాసిన అయిదు వందల్నీ ఇంటింటినీ స్కేలు పెట్టి శ్రద్ధగా కొట్టేశాడు. కొత్త కార్డు పెట్టాడు. ఈసారి పైన ఆమె పేరుంది, కింద అతని పేరుంది. మధ్యలో, టీ కొట్టుకు బదులు ఆ ఊరి రైల్వే స్టేషనూ, ఒక ఆదివారం తేదీ ఉన్నాయి. కవరు మీద కాపీల సంఖ్య దగ్గర 'ఒకటి' అని రాసి, కిందికి దిగి బాబాయి చేతిలో పెట్టాడు.

బాబాయి కళ్ళద్దాలు సవరించుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. "ఈ మాట నిన్ననే రాసుంటే నాకు బోలెడు అట్ట మిగిలేది కదరా," అన్నాడు.